పాత క్యాంపర్ వ్యాన్ కొనేవాళ్లకు జాగ్రత్త: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో డబ్బు ఎక్కడ పోతోందంటే

సిడ్నీ, కెయిర్న్స్, ఆక్లండ్, క్రైస్ట్‌చర్చ్‌లలో బ్యాక్‌ప్యాకర్ వ్యాన్ కొనబోతున్నవాళ్లు అడ్వాన్స్ పంపకముందే ఇది చదవండి. 2024 నుంచి ఆస్ట్రేలియా 462 వర్క్ అండ్ హాలిడే వీసా మన దేశం వాళ్లకూ ఇస్తున్నారు. 18 నుంచి 30 ఏళ్లలోపు వాళ్లకు, లాటరీ పద్ధతిలో, ఏడాదికి 1,000 మందికి. ఆ వీసా మీద వెళ్లేవాళ్లూ, చదువు అయిపోయి కొన్ని నెలలు తిరగాలనుకునే మన పిల్లలూ చాలామంది మొదట కొనేది పాత వ్యానే. ఊరు కొత్త, చట్టం కొత్త, చేతిలో ఉన్నదంతా ఆ బండి మీదే పెడతారు. అందుకే దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఇలాంటి ప్రకటనలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. లోపల చక్కని పరుపు, చిన్న లైట్లు, చెక్క అలమర, గ్యాస్ పొయ్యి. ధర చుట్టుపక్కల వాటికన్నా వెయ్యో రెండు వేలో తక్కువ. కింద ఒక మాట: "ఎల్లుండి ఫ్లైట్, అర్జంట్." ఈ తొందరే అసలు వల. మెకానిక్‌కు చూపించే సమయం ఉండదు, కాగితాలు సరిచూసే సమయం ఉండదు. పైగా మీ వెనక ఇంకో ఇద్దరు కొనడానికి సిద్ధంగా ఉన్నారని చెబుతారు. నిజంగా ఎల్లుండి ఫ్లైట్ ఉన్నా సరే, అది అమ్మేవాడి సమస్య. ఒక్క రోజు ఆగని బేరాన్ని వదిలేయండి.

బండి చూడటానికి వెళ్లే ముందే విన్ నంబరు అడగండి. అది ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు నంబరు, 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఆస్ట్రేలియాలో పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, అందులో ఒక వెతుకుడుకు 2 డాలర్లు. బండి మీద అప్పు ఉందా, దొంగబండా, ప్రమాదంలో పాడై ఇన్సూరెన్స్ వాళ్లు ఇక పనికిరాదని రైట్ ఆఫ్ చేసిందా అన్నది అక్కడ తేలిపోతుంది. ఇదే పని ముప్పై నలభై డాలర్లకు చేసిపెడతామనే ప్రైవేటు సైట్లు వెతికితే ముందు అవే కనబడతాయి. ప్రభుత్వ సైట్ అవునో కాదో చూసుకుని కట్టండి.

ఈ రెండు డాలర్ల పనిలో కూడా మూడు తప్పులు జరుగుతాయి. ఒకటి, అమ్మేవాడు మెసేజ్‌లో పంపిన నంబరుతో వెతికి ఊరుకోవడం. బండి దగ్గరికి వెళ్లాక తలుపు అంచున ఉన్న ప్లేటు మీదో, ఇంజిన్ దగ్గరి ప్లేటు మీదో కొట్టి ఉన్న నంబరు మీ కళ్లతో చదవండి, రిజిస్ట్రేషన్ కాగితంతో అక్షరం అక్షరం పోల్చండి. రెండోది, వారం ముందు తీసిన సర్టిఫికెట్ మీద ధీమాగా ఉండటం. వెతికిన రోజు గానీ, మర్నాడు గానీ కొంటేనే ఆ సర్టిఫికెట్ మీకు రక్షణ. కాబట్టి డబ్బు ఇచ్చే రోజు ఇంకోసారి తీయండి, కాపీ దాచుకోండి. మూడోది, అప్పు కనబడ్డాక "తీర్చేశాం, ఇంకా అప్‌డేట్ కాలేదు" అన్న మాట నమ్మడం. అప్పు తీరకపోతే ఫైనాన్స్ కంపెనీ బండిని మీ దగ్గర నుంచే పట్టుకుపోగలదు. మీరిచ్చిన డబ్బుతో దానికి సంబంధం లేదు. న్యూజిలాండ్‌లోనూ ఇలాంటి పీపీఎస్ఆర్ వేరుగా ఉంది, అక్కడి బండికి అక్కడిదే చూడాలి.

ఇక రెగో, అంటే అక్కడి రిజిస్ట్రేషన్. మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మన ఆర్‌సీలా కాకుండా అక్కడ రిజిస్ట్రేషన్‌కు గడువు ఉంటుంది, మళ్లీ మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, రూల్స్ రాష్ట్రానికో రకం. క్వీన్స్‌లాండ్ నంబరు బండి అమ్మాలంటే అమ్మేవాడు సేఫ్టీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ప్రైవేటు అమ్మకంలో అది రెండు నెలలు లేదా 2,000 కి.మీ., ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. విక్టోరియా బండికి రోడ్‌వర్తీ, అంటే రోడ్డు మీద నడపడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్ కావాలి, దాని ఆయుష్షు 30 రోజులు. న్యూ సౌత్ వేల్స్‌లో పేరు మార్చడానికి తనిఖీ అడగరు కానీ, ఐదేళ్లు దాటిన బండికి ఏటా రెన్యువల్‌కు పింక్ స్లిప్, అంటే తనిఖీ పాసైన కాగితం కావాలి. రెగో ఇంకో నెలే ఉన్న బండిని అందుకే వదిలించుకుంటుంటారు. తనిఖీలో అది ఫెయిలైతే బ్రేకులు, టైర్లు, తుప్పు ఖర్చు మొత్తం మీ నెత్తిన పడుతుంది. వెస్టర్న్ ఆస్ట్రేలియా (డబ్ల్యూఏ)లో రెగో నడుస్తున్న బండి పేరు మార్చడానికీ, రెన్యువల్‌కీ మామూలుగా తనిఖీ ఉండదు. ఆ ప్లేట్లకు బ్యాక్‌ప్యాకర్లలో గిరాకీ అందుకే. ఆ సౌకర్యం నిజమే. కానీ అలాంటి బండిని ఏళ్ల తరబడి ఏ మెకానిక్కూ అధికారికంగా చూసి ఉండకపోవచ్చు. డబ్ల్యూఏ ప్లేటు చూసి సంతోషించేవాళ్లు ఇంజిన్ తనిఖీకి రెట్టింపు శ్రద్ధ పెట్టాలి.

డార్విన్‌లో విక్టోరియా ప్లేటు బండి అమ్ముతూ "రోడ్‌వర్తీ నువ్వే చేయించుకో" అంటే ఒప్పుకోకండి. ఆ సర్టిఫికెట్ విక్టోరియాలో లైసెన్స్ ఉన్న టెస్టర్ ఇవ్వాలి, అంటే మూడు వేల కిలోమీటర్లకు పైగా బండి నడిపితే గానీ మీ పేరు ఎక్కదు. ప్లేటు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రం రవాణా శాఖ సైట్‌లో కొనుగోలుదారుడు ఏమేం ఇవ్వాలో బేరానికి ముందే చదవండి. రెగో గడువు ఎప్పటిదాకా ఉందో కూడా నంబరు కొట్టి ఉచితంగా చూడొచ్చు.

అమ్మేవాడి పేరూ రిజిస్ట్రేషన్‌లో పేరూ ఒకటేనా? పాస్‌పోర్టో లైసెన్సో అడిగి చూడండి. ఈ వ్యాన్లు చేతులు మారుతూ ఉంటాయి, మధ్యలో ఎవరో పేరు మార్చకుండానే అమ్మేస్తారు. చివరికి కాగితంలో ఉన్న మనిషి ఎప్పుడో యూరప్ వెళ్లిపోయి ఉంటాడు. అతని సంతకం లేకుండా బదిలీ కాదు. "ఫ్రెండ్ పేరు మీద ఉంది, ఫామ్ మీద సంతకం ఉంది" అన్నా తీసుకోవద్దు. పేరు మార్పుకు 14 రోజులు గడువు, దాటితే అదనపు రుసుము. స్టాంప్ డ్యూటీ కూడా మీదే: న్యూ సౌత్ వేల్స్‌లో 45,000 డాలర్లలోపు బండికి 3 శాతం, అంటే 8,000 డాలర్ల వ్యాన్‌కు 240. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి ఫామ్‌లో ధర తగ్గించి రాయమని సలహా ఇస్తారు. రాస్తే అది నేరం. రేపు గొడవైతే మీ చేతిలో ఉన్న రుజువు కూడా ఆ తక్కువ ధరే.

రెగోలో భాగంగా వచ్చే సీటీపీ బీమా మనుషులకు తగిలిన గాయాలకే. ఎదుటి కారు నుజ్జయితే ఒక్క పైసా ఇవ్వదు. దానికి థర్డ్ పార్టీ ప్రాపర్టీ బీమా విడిగా తీసుకోవాలి. రెగో అయిపోయిన బండి నడిపితే సీటీపీ కూడా ఉండదు, మనిషికి తగిలితే ఆ ఖర్చు మీ మీదికి వస్తుంది. న్యూజిలాండ్‌లో గాయాల ఖర్చు ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చూసుకుంటుంది. కానీ అక్కడ వాహన బీమా తప్పనిసరి కాదు కాబట్టి, చాలా వ్యాన్లు ఏ బీమా లేకుండానే తిరుగుతుంటాయి. మీరు మాత్రం తీసుకోండి.

ఇప్పుడు బండి. పాత టయోటా హైఏస్, మిత్సుబిషి ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తి చూపించమనండి. "పరుపు సర్దాలి, సామాను తీయాలి" అని సాకులు చెబితే అనుమానించాలి. వెళ్లగానే, స్టార్ట్ చేయకముందు, ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్ మొండికేస్తుందేమో, పొగ వదులుతుందేమో మీకు తెలియకుండా. గంట ఆగండి, లేదా మర్నాడు పొద్దున్నే వెళ్లండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోయినట్టే. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు పేరుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తెరవాలి, వేడి మీద తెరిస్తే మరిగిన నీళ్లు మొహం మీద చిమ్ముతాయి. లోపల తుప్పు రంగు నీళ్లున్నా, పైన నూనె తేలినా కొనకండి.

తర్వాత కనీసం ఇరవై నిమిషాలు, ఏసీ పూర్తిగా పెట్టి, ఎత్తు రోడ్డు మీద నడపండి. వేడి ముల్లు మధ్యలోనే నిలవాలి. ఊళ్లో బాగానే నడిచే బండి నలభై డిగ్రీల ఎండలో, నిండా సామానుతో, వందల కిలోమీటర్లు ఏకబిగిన పోయినప్పుడు ఉడికిపోతుంది. ఇంజిన్ హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. నార్స్‌మన్ నుంచి సెడ్యూనా దాకా నల్లర్బోర్ దారి సుమారు 1,200 కిలోమీటర్లు. మధ్యలో ఆగిపోతే లాగించుకు రావడానికే వ్యాన్ ధరలో పెద్ద భాగం పోతుంది. మామూలు రోడ్‌సైడ్ సభ్యత్వంలో ఉచితంగా లాగే దూరానికి పరిమితి ఉంటుంది, కొనే ముందు ఆ దూరం చదవండి.

టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. చాలా ఇంజిన్లకు సుమారు లక్ష కిలోమీటర్లకు మార్చాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 3518 అంటే 2018లో 35వ వారం. గాడి లోతు బాగున్నా పదేళ్ల టైరు నమ్మదగింది కాదు. తుప్పు కోసం విండ్‌స్క్రీన్ చుట్టూ రబ్బరు కింద, చక్రాల పైన, నేల కింద టార్చి వేసి చూడండి. కొత్తగా నల్ల రంగు పూసిన చోటే ఎక్కువసేపు చూడండి. రెండో బ్యాటరీ వైర్లకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ లేకపోతే అగ్గి పుట్టే ప్రమాదం ఉంది. వెనక సీట్లు పీకేసి మంచం బిగించిన బండిలో, కాగితంలో ఉన్న సీట్ల సంఖ్యా లోపల ఉన్నవీ సరిపోవాలి. మంచం మీద మనిషిని పడుకోబెట్టి బండి నడపడం చట్టవిరుద్ధం.

ఇవన్నీ చూశాక కూడా మెకానిక్‌కు చూపించండి. ఆటో క్లబ్బులు, ఇంటికొచ్చే మెకానిక్‌లు కొనుగోలు ముందు తనిఖీ చేస్తారు, కొన్ని వందల డాలర్లవుతుంది. మెకానిక్‌ను మీరే ఎంచుకోండి, అమ్మేవాడు చెప్పినవాడు వద్దు.

న్యూజిలాండ్ వెళ్లేవాళ్లకు వేరే మోసం ఉంది. అక్కడ కౌన్సిల్ స్థలాల్లో ఉచితంగా రాత్రి ఆగాలంటే చాలాచోట్ల "సెల్ఫ్ కంటెయిన్డ్" (టాయిలెట్, నీళ్లు బండిలోనే ఉన్నాయన్న) సర్టిఫికెట్ ఉన్న బండే కావాలి, లేకపోతే 400 డాలర్ల జరిమానా. పాత నీలం స్టిక్కర్ చూపించి ధర పెంచి అమ్ముతుంటారు. 2023లో చట్టం మారింది. నీలం స్టిక్కర్ గడువు 2026 జూన్ 7 వరకే, ఆ తర్వాత ఆకుపచ్చ స్టిక్కరే దిక్కు, దాన్నే వారంట్ అంటారు. ఆకుపచ్చది రావాలంటే టాయిలెట్ బండికి బిగించి ఉండాలి, మంచం వేసి ఉన్నప్పుడు కూడా వాడగలగాలి. మనిషికి 12 లీటర్ల మంచినీళ్లు, అంతే మురుగునీటి ట్యాంకు, సింకు, మూత ఉన్న చెత్తబుట్ట కావాలి. మంచం కింద సంచిలో పెట్టిన పోర్టబుల్ టాయిలెట్ పనికిరాదు. వారంట్ మీద ఎంతమందికో రాసి ఉంటుంది. ఇద్దరికని ఉంటే ముగ్గురు పడుకోకూడదు. బండి నంబరుతో ఆన్‌లైన్ రిజిస్టర్‌లో చూడండి, అక్కడ లేకపోతే అద్దం మీది కాగితానికి విలువ లేదు.

అక్కడ డీజిల్ బండి అయితే ఆర్‌యూసీ, అంటే రోడ్డు వాడకపు రుసుము, వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందే కొనాలి. తేలికపాటి డీజిల్ బండికి 1,000 కి.మీ.కు 76 డాలర్లు. అద్దం మీద లేబుల్‌లో 248,000 దాకా కట్టినట్టు ఉండి, మీటరు 256,400 చూపిస్తుంటే 8,400 కి.మీ. బాకీ ఉన్నట్టు. వెయ్యికి ఒకటి చొప్పున తొమ్మిది యూనిట్లు, 684 డాలర్లు. కొన్నాక ఆ బాకీ మీ దగ్గరే అడుగుతారు. ముందే కట్టించండి, లేదా ధరలో తగ్గించండి. బండి చేతికొచ్చే నాటికి డబ్ల్యూఓఎఫ్, అంటే రోడ్డు మీద నడపదగినదన్న తనిఖీ, నెల లోపుదై ఉండాలి. "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా) తీసుకుంటానని రాతపూర్వకంగా మీరు ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది, కాబట్టి అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

తిరిగి కొంటామని హామీ ఇచ్చే డీలర్ల గురించి ఒక మాట. సగం ధరకు వెనక్కి తీసుకుంటామంటారు. కాగితంలో మాత్రం ఫలానా ఊళ్లోనే, ఫలానా తేదీలోపే, సర్వీస్ బిల్లులన్నీ ఉంటేనే, గీతలకు కోత వేసి అని ఉంటుంది. ఆ షరతులన్నీ తీరినా అప్పటికి ఆ వ్యాపారం నడుస్తుండాలి కదా. ఆ హామీని ధరలో కలిపి లెక్కేయకండి.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. రసీదులో ఇద్దరి పేర్లు, విన్ నంబరు, మీటరు రీడింగు, తేదీ, నిజమైన ధర, "బండి మీద అప్పు లేదు" అన్న వాక్యం, సంతకాలు ఉండాలి. చూడని బండికి "హోల్డింగ్ డిపాజిట్" పంపొద్దు.

ఇప్పటికే డబ్బు పంపి మోసమని తెలిసినవాళ్లు ఈ క్షణమే బ్యాంకుకు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫర్ ఆపమనండి, గంటలు గడిచేకొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో రిపోర్ట్‌సైబర్ అనే ప్రభుత్వ సైట్‌లో, న్యూజిలాండ్‌లో 105 నంబరుకు పోలీసులకు ఫిర్యాదు చేయండి. ప్రకటన, చాట్, ఫోన్ నంబరు, ఖాతా వివరాలు అన్నీ ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ప్రకటన మాయం కావడానికి ఎంతోసేపు పట్టదు.