అమీర్‌పేటలో పద్నాలుగు వారాలు: వైద్య సమాచార భద్రత కోర్సుపై సమీక్ష

మెడికల్ కోడింగ్‌లో, అంటే రోగి చార్టులోని జబ్బులను, చికిత్సలను బీమా బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పనిలో, ఆరేళ్లు ఉన్న తరువాత, వైద్య సమాచార భద్రత, రోగి గోప్యత విభాగంలోకి మారాలనే ఉద్దేశంతో అమీర్‌పేటలో, మైత్రీవనం సమీపంలోని ఒక శిక్షణ సంస్థలో పద్నాలుగు వారాల కోర్సు చేశాను. తరగతులు శని, ఆదివారాల్లో ఉదయం మూడేసి గంటలు. ఫీజు 42,000 రూపాయలు, రెండు వాయిదాల్లో కట్టాను. కోడర్లు, నర్సులు, ఫార్మసీ చదివినవారు, ఆసుపత్రుల ఐటీ విభాగాల్లో పనిచేసేవారు ఈ దారి గురించి నన్ను తరచుగా అడుగుతున్నారు కాబట్టి నేను చూసినది వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. దానికి ఉన్న కారణం సమీక్షలో చివరికి వచ్చేసరికి పాఠకులకు తెలుస్తుంది.

హైదరాబాదులో అమెరికా ఆసుపత్రుల చార్టులు చూసే ప్రతి కోడర్‌కూ గోప్యత నియమాలు అలవాటుగా తెలుసు. ఫోను లాకరులో పెట్టి లోపలికి వెళ్లాలి, బల్ల మీద పెన్ను, కాగితం ఉండకూడదు, కుర్చీలోంచి లేస్తే తెర లాక్ చేయాలి. ఏడాదికి ఒకసారి హిపా (రోగి సమాచార గోప్యతకు సంబంధించిన అమెరికా చట్టం) శిక్షణ పేరుతో ఇరవై ప్రశ్నలకు జవాబులు గుర్తించి ముందుకు సాగిపోతాం. ఆ నియమాల వెనుక ఏ చట్టం ఉంది, ఏ ప్రమాదం జరిగిన తరువాత అవి వచ్చాయి, వాటిని ఎవరు ఎలా తనిఖీ చేస్తారు అన్న ప్రశ్నలకు ఆరేళ్లలో నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. నేను కోర్సులో చేరింది ఆ జవాబుల కోసమే.

మొదటి నాలుగు వారాలు ఆ కోరికను బాగా తీర్చాయి. ప్రధాన అధ్యాపకులు గతంలో ఒక పెద్ద ఆసుపత్రిలో నెట్‌వర్క్ బాధ్యతలు చూసినవారు. 1996లో వచ్చిన హిపా చట్టాన్ని సెక్షన్ల వరుసలో కాక, అది రోజువారీ పనిలో ఎక్కడ తగులుతుందో చూపిస్తూ చెప్పారు. గోప్యతా నియమం 2003లోనూ, భద్రతా నియమం 2005లోనూ అమలుకు వచ్చాయి. ఈ రెండూ ఎందుకు వేర్వేరుగా ఉన్నాయో ఆయన చెప్పిన తరువాతే నాకు అర్థమైంది. రోగి సమాచారాన్ని చూసే హక్కు ఎవరికి ఉందో మొదటిది చెబుతుంది. ఆ హక్కు లేనివారి చేతికి అది చిక్కకుండా కంప్యూటర్లలో ఏం చేయాలో రెండవది చెబుతుంది. పనికి అవసరమైనంత మేరకే సమాచారం చూడాలన్న నిబంధనకు ఆయన ఒక పూర్తి తరగతి కేటాయించారు. అమెరికా చట్టం అమీర్‌పేటలో కూర్చున్న కోడర్ దాకా ఒప్పంద పత్రం ద్వారా ఎలా వస్తుందో, ఎలక్ట్రానిక్ వైద్య రికార్డులకు సంబంధించి అమెరికాలో 2009లో వచ్చిన హైటెక్ చట్టం తరువాత బయటి సంస్థల మీద బాధ్యత ఎలా పెరిగిందో, 500 మందికి పైగా రోగుల వివరాలు బయటపడితే 60 రోజుల్లోపు ఎవరెవరికి తెలియజేయాలో ఆయన ఉదాహరణలతో చెప్పారు.

2024 ఫిబ్రవరి 21న చేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగిన దాడిని కూడా ఇదే శ్రద్ధతో వివరించారు. అమెరికాలో బీమా క్లెయిముల రాకపోకల్లో పెద్ద భాగం చూసే ఆ సంస్థలోకి దొంగలు దూర ప్రాంతాల నుంచి లాగిన్ అయ్యే ఒక ద్వారం గుండా వచ్చారు. ఆ ద్వారానికి పాస్‌వర్డ్ తప్ప రెండో అంచె ధ్రువీకరణ లేదు. మందుల దుకాణాల్లో బీమా వివరాలు సరిచూడడం ఆగిపోయింది, ఆసుపత్రులకు రావలసిన డబ్బు నిలిచిపోయింది, సుమారు 19 కోట్ల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఫోనుకు వచ్చే ఆరు అంకెలను రోజూ విసుగ్గా కొట్టే నాకు, ఆ తరగతి తరువాత ఆ విసుగు మళ్లీ రాలేదు.

కోర్సు మొత్తంలో అత్యుత్తమ తరగతి ఢిల్లీ ఎయిమ్స్ ఘటన గురించినది. 2022 నవంబరు 23న అక్కడి సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర సాఫ్ట్‌వేరు) దాడి జరిగింది. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడిపోయింది. రెండు వారాల వరకు ఓపీ నమోదు, ల్యాబ్ నివేదికలు, అడ్మిషన్లు కాగితాల మీదే నడిచాయి. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం ఒక కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అధ్యాపకులు బోర్డు మీద ఒక ఆసుపత్రి గీశారు. బిల్లింగు కౌంటరు, ఎక్స్‌రే యంత్రం, ల్యాబు, డాక్టరు గది, క్యాంటీను కంప్యూటరు అన్నీ ఒకే తీగకు వేలాడుతున్నట్టు చూపించి, క్యాంటీనులో ఒక తప్పుడు మెయిలు తెరిస్తే ఐసీయూ దాకా ఏం జరుగుతుందో గీతలు గీసుకుంటూ వెళ్లారు. తరువాత మా చేత అదే ఆసుపత్రిని గదులుగా విభజింపజేశారు. ప్రమాదాన్ని గమనించిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు (సైబర్ ప్రమాదాలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలియజేయాలనీ, లాగులను (కంప్యూటర్లలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలు) 180 రోజులు భద్రపరచాలనీ అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాలను ఈ ఘటన పక్కన పెట్టి చెప్పడం వల్ల ఆ అంకెలు నేను ప్రత్యేకంగా బట్టీ పట్టనవసరం లేకపోయింది.

ల్యాబు సాధనలో హెచ్‌ఎల్7 సందేశాల పాఠం కూడా మెచ్చుకోదగినది. ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటరు నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి డాక్టరు తెర మీదకు వెళ్లే ఈ సందేశాలు పాత రూపంలో అయితే మామూలు అక్షరాలే. లోపలి నెట్‌వర్కే కదా అని వాటిని చాలాచోట్ల ఎన్‌క్రిప్షన్ లేకుండానే పంపుతారు. నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారాన్ని చూపే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేరులో ఒక సందేశాన్ని పట్టి చూపినప్పుడు, పీఐడీ అనే వరుసలో ఊహాజనిత రోగి పేరు, పుట్టిన తేదీ, చిరునామా చదువుకోవడానికి వీలుగా కనిపించాయి. అంతవరకు నేను చార్టును తెర మీద ఉండే వస్తువుగానే చూశాను. అది తీగల వెంట ప్రయాణిస్తుందని, దారిలో ఎవరైనా చదవగలరని కళ్లారా చూడడం వేరు.

భారతీయ చట్టాల విషయంలో కోర్సు బాగా బలహీనంగా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి అరగంట మాత్రమే ఇచ్చారు. భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చన్న ఒక్క విషయం చెప్పి వదిలేశారు. వైద్య రికార్డులను ప్రత్యేకంగా సున్నితమైన సమాచారంగా పేర్కొన్న 2011 నాటి నియమాలకూ, అటువంటి విభజన లేని కొత్త చట్టానికీ ఉన్న తేడా గురించి నేను అడిగితే, తరువాత చూద్దామన్నారు. ఆ ‘తరువాత’ ఎప్పుడూ రాలేదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్యతో రికార్డులు ఎలా అనుసంధానమవుతాయి, రోగి సమ్మతిని ఎవరు నమోదు చేస్తారు, ఆ సమ్మతిని వెనక్కి తీసుకుంటే ఏం జరుగుతుంది అన్నవి రేపు మన ఆసుపత్రుల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. రోగి అడిగిన 72 గంటల్లో డాక్టరు రికార్డులు ఇవ్వాలన్న 2002 నాటి వైద్య మండలి నిబంధన కూడా పాఠంలో లేదు. అమెరికా పని కోసమే చేరేవారికి ఇది పెద్ద లోటుగా అనిపించకపోవచ్చు, నాకు అనిపించింది.

ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. ప్రకటనలో ‘నూరు శాతం ప్లేస్‌మెంట్ సహాయం’ అని ఉంది. వాస్తవంలో ఆ సహాయం రెజ్యూమె దిద్దడం, రెండు నమూనా ఇంటర్వ్యూలు మాత్రమే. చివర్లో ఇచ్చే ధ్రువపత్రం సంస్థ సొంతది. నేను వెళ్లిన ఇంటర్వ్యూల్లో దాని గురించి అడిగినవారు లేరు, సెక్యూరిటీ ప్లస్ వంటి గుర్తింపు ఉన్న సైబర్ భద్రత పరీక్ష రాశారా అని మాత్రం రెండు చోట్ల అడిగారు. అయితే ఆ నమూనా ఇంటర్వ్యూలు నిజంగా పనికొచ్చాయి. ‘ఒక నర్సు పనితో సంబంధం లేకుండా తన బంధువు రికార్డు తెరిస్తే లాగుల్లో ఎలా గుర్తిస్తారు?’ అన్న ప్రశ్న అక్కడ అడిగారు, అసలు ఇంటర్వ్యూలోనూ వచ్చింది. ఆ రోగి ఉన్న వార్డులో ఆ నర్సుకు డ్యూటీ ఉందా, ఆ సమయంలో షిఫ్టు ఉందా, ఇద్దరి చిరునామా ఒకటేనా, ఇంటిపేరు ఒకటేనా అని సరిచూడాలి. ఈ చివరి పరీక్ష మన దగ్గర సరిగా పనిచేయదన్నది నా సొంత పరిశీలన. అమెరికా సాఫ్ట్‌వేరు పేరు చివర ఇంటిపేరు ఉంటుందని అనుకుంటుంది. మన రికార్డుల్లో అది ముందు ఉంటుంది, లేదా ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఇంటర్వ్యూ చేస్తున్నవారు రాసుకున్నారు. ఇప్పుడు నేను ఆ ఇంటర్వ్యూ చేసిన సంస్థలోనే లాగుల తనిఖీ బృందంలో పనిచేస్తున్నాను. జీతం కోడింగ్‌లో వచ్చిన దానికంటే కొంచెమే ఎక్కువ. పని మాత్రం మనసుకు నచ్చినది.

ఇక పేరు రాయకపోవడానికి కారణమైన విషయం. తొమ్మిదో వారంలో రికార్డుల నుంచి రోగి గుర్తింపును తొలగించే పద్ధతులు చెప్పారు. హిపాలో ఉన్న ఒక మార్గం ప్రకారం 18 రకాల గుర్తులను తీసివేయాలి. పేరు, ఫోను నంబరు తీసివేస్తే చాలదు. రాష్ట్రం కంటే చిన్న ప్రాంతాల వివరాలు, సంవత్సరం తప్ప మిగిలిన తేదీలు కూడా పోవాలి. ఎందుకో చెప్పడానికి లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990లలో చేసిన పని వివరించారు. మాసచుసెట్స్ రాష్ట్రంలో పేర్లు తొలగించి విడుదల చేసిన ఆసుపత్రి రికార్డులను ఆమె ఓటర్ల జాబితాతో పోల్చి, ఏకంగా గవర్నరు రికార్డునే గుర్తుపట్టారు. పుట్టిన తేదీ, లింగం, తపాలా ప్రాంత సంఖ్య అందుకు సరిపోయాయి.

ఆ మరుసటి శనివారమే ల్యాబులో వేరే అధ్యాపకులు సాధన కోసం ఒక ఎక్సెల్ ఫైలు ఇచ్చారు. తాను గతంలో పనిచేసిన ఆసుపత్రి నుంచి తెచ్చిన నిజమైన రికార్డులని, నిజమైన వాటి మీద చేస్తేనే పని పట్టుబడుతుందని ఆయనే చెప్పారు. పేర్ల గడి ఖాళీగా ఉంది. వయసు, లింగం, మండలం, వృత్తి, చేరిన తేదీ, వార్డు, రోగ నిర్ధారణ కోడు అన్నీ ఉన్నాయి. తరగతిలో ముప్పై మందిమి ఉన్నాం. అందరం ఆ ఫైలును సొంత లాప్‌టాప్‌లలోకి దించుకున్నాం. కొద్దిసేపటికి నా పక్కన కూర్చున్న కుర్రవాడు ఒక వరుస దగ్గర ఆగిపోయాడు. ఆ మండలం అతనిది. ఆ వయసులో ఆ వృత్తి చేస్తూ, ఆ నెలలో ఆసుపత్రిలో చేరిన మనిషి అతనికి తెలుసు. చివరి గడిలో బీ20 అని ఉంది. దాని అర్థం అతను నన్ను అడిగాడు. కోడర్‌గా నాకు తెలుసు, అది హెచ్‌ఐవీ వ్యాధి కోడు. తెలుసని చెప్పలేదు, ఆ తెర మూసేయమన్నాను. కానీ ఆ కోడు అర్థం వెతకడానికి ఎవరికైనా అర నిమిషం చాలు. రోగి సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ స్థితిని వెల్లడించడం 2017 నాటి చట్టం ప్రకారం మన దేశంలో నిషిద్ధం. కేవలం ఎక్సెల్ నేర్చుకోవడం కోసం ఒక మనిషి జీవితంలోని అత్యంత ఆంతరంగికమైన విషయం ముప్పై మంది చేతుల్లోకి వచ్చింది.

నేను ఆ రోజే సంస్థ నిర్వాహకులను కలిశాను. ‘పేర్లు లేవు కదండీ, ఇబ్బందేముంది?’ అన్నారు. వారం ముందు తమ తరగతిలోనే చెప్పిన 18 గుర్తుల జాబితాను ముందు పెట్టి, ఫైలులో వాటిలో ఏవేవి మిగిలి ఉన్నాయో రాసి మెయిలు పంపాను. సాధనకు మైటర్ సంస్థ తయారుచేసిన సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉందని, అది ఊహాజనిత రోగులను, వారి పూర్తి వైద్య చరిత్రను సృష్టిస్తుందని తెలియజేశాను. నిజమైన రికార్డులే కావాలంటే బోస్టన్ ఆసుపత్రి రికార్డులతో కూర్చిన మిమిక్ సంకలనం ఉంది. అందులో తేదీలు మార్చి ఉంటాయి, శిక్షణ పూర్తిచేసి ఒప్పందం మీద సంతకం పెడితేనే ఇస్తారు. ప్రధాన అధ్యాపకులు నా పక్షాన గట్టిగా నిలబడ్డారు. పన్నెండు రోజుల తరువాత ఆ ఫైలును ఉమ్మడి ఫోల్డరు నుంచి తీసివేశారు. ఇప్పుడు సంస్థ పేరు రాస్తే ఆ ఫైలు కోసం వెతికేవారు ఉంటారన్నది నా భయం.

ఈ కోర్సులో చేరవచ్చా అని అడిగేవారికి నా జవాబు ఇది. హిపా పునాది, నెట్‌వర్క్ విభజన, హెచ్‌ఎల్7 పాఠాల కోసం అయితే డబ్బుకు తగిన బోధన ఉంది, మన దేశపు చట్టాలను మాత్రం విడిగా చదువుకోవాలి. ఇటువంటి ఏ సంస్థలో చేరేముందైనా, ప్లేస్‌మెంట్ గురించి అడగడానికి ముందు, ల్యాబులో వాడే రికార్డులు ఎక్కడివో అడగండి. జవాబు తడబడితే ఫీజు కట్టవద్దు. ఇటీవలి బ్యాచ్‌లో చేరిన నా పాత సహోద్యోగి, ఇప్పుడు సింథియా ఫైళ్లే ఇస్తున్నారని చెప్పింది. మా బ్యాచ్ వాళ్ల లాప్‌టాప్‌లలో ఉన్న పాత ప్రతులను చెరిపేయమని మాత్రం సంస్థ నుంచి ఇంతవరకు ఒక్క సందేశం కూడా రాలేదు. నాది నేను ఆ రోజే చెరిపాను, నా పక్కన కూర్చున్న కుర్రవాడి చేత చెరిపించాను, ఫోను నంబర్లు దొరికిన మరో పదకొండు మందికి నేనే చెప్పాను. మిగిలిన వారిలో ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఈ రోజే ఆ ఫైలు చెరిపేయండి.