బోటు ట్రైలర్‌కు 12 అంగుళాల చక్రాలా, 13వా?

అమెరికాలో చిన్న బోట్ల ట్రైలర్లకు తరచూ కనిపించే 4.80-12 టైరు ఎత్తు సుమారు 21 అంగుళాలు. 13 అంగుళాల చక్రానికి వేసే ట్రైలర్ టైరు ఎస్‌టీ175/80ఆర్13 ఎత్తు సుమారు 24.

ఖర్చు: ఇప్పుడున్న 12 సైజులోనే ఉంటే టైర్లు మారిస్తే చాలు. పెద్దవాటికి రిమ్ములు, స్టెప్నీ కూడా కొనాలి.

వేడి: పెద్ద చక్రం మైలుకు తక్కువసార్లు తిరుగుతుంది. హైవే మీద బేరింగులకు అదే పెద్ద ఊరట.

బరువు: లోడ్ రేంజ్ సీ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే తరగతి) అయితే ఒక్కో 12 టైరు 990 పౌండ్లు మోస్తుంది, 13 టైరు 1,360. అయితే యాక్సిల్ సామర్థ్యం మాత్రం పెరగదు, దయచేసి ఇది మర్చిపోకండి!

రిస్క్: వెడల్పు టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. బోటు ఒకటిన్నర అంగుళం పైకి లేస్తుంది, ర్యాంపులో ఇంకాస్త లోతుకు దింపాలి.

సరస్సు పక్కనే ఉంటే 12 చాలు. వారం వారం దూరం లాగేవాళ్లు, మడ్‌గార్డులో చోటుంటే, 13కి వెళ్లండి.