స్టిక్ భుజాన వేసుకుని నాలుగు పూల్ హాళ్లు

పూల్ అంటే స్టిక్‌తో బంతుల్ని కొట్టి టేబుల్ అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట. ఏళ్ల తరబడి ఒకే టేబుల్ మీద ఆడితే దాని లోపాలు కూడా మన ఆటలో కలిసిపోతాయి. ఏ మూల పాకెట్ దగ్గర బంతి దానంతట అదే లోపలికి వాలుతుందో, ఏ కుషన్ (టేబుల్ అంచు వెంట ఉండే రబ్బరు గట్టు) మీద తగిలితే చచ్చిపోయినట్టు ఆగుతుందో చేతికి అలవాటైపోతుంది. అదంతా నైపుణ్యమే అనుకుంటూ వచ్చాను. బయట టోర్నమెంటుకు వెళ్లి మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాక గానీ విషయం అర్థం కాలేదు. అందుకే నేనూ నా మిత్రుడూ తొమ్మిది రోజులు సెలవు పెట్టి, మూడు ఊళ్లు తిరిగి, నాలుగు హాళ్లలో ఆడి వచ్చాం. ఆట కోసం ఇలా బయల్దేరేవాళ్లకు పనికొస్తుందని ఏ చోటు ఎలా ఉందో రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. చాలా విమానాశ్రయాల్లో స్టిక్‌ను చేతి సామానుతో లోపలికి తీసుకెళ్లనివ్వరు, లగేజీలో వేయాల్సిందే. ఆ టెన్షన్ ఎందుకని రైల్లోనే వెళ్లాం. స్టిక్ రెండు ముక్కలుగా విప్పి గట్టి కేస్‌లో పెట్టి, పై బెర్త్ మీద తల పక్కన పడుకోబెట్టాను. ఆడే షాఫ్ట్ (స్టిక్ ముందు సగం) కాకుండా ఇంకో షాఫ్ట్, ఆట మొదలుపెట్టే దెబ్బకు వాడే బ్రేక్ స్టిక్, టిప్ (స్టిక్ మొన మీది తోలు బిళ్ల) గరుకు చేసుకునే చిన్న పనిముట్టు, పొడి మైక్రోఫైబర్ గుడ్డ. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

మొదటి హాలు చూడటానికి ఎంతో బాగుంది. తొమ్మిది అడుగుల టేబుళ్లు ఆరు, ఒక్కోదాని మీద నీడ పడకుండా వెలుగు, కూర్చోవడానికి మంచి కుర్చీలు. క్లాత్ కూడా ఫర్వాలేదు. కానీ ఆట మొదలైన పది నిమిషాలకే ఏదో తేడా అనిపించింది. స్టిక్‌తో కొట్టే వైట్ బాల్, రంగు బంతిని తాకాక వెనక్కి రావాల్సిన డ్రా షాట్లలో అనుకున్నదాని కంటే రెట్టింపు వెనక్కి వస్తోంది, ముందుకు పోవాల్సిన ఫాలో షాట్లలో మాత్రం ముందుకు పోవట్లేదు. వైట్ బాల్‌ను రెండు రంగు బంతుల మధ్య ఆనించి పెట్టి, కళ్లు టేబుల్ ఎత్తుకు దించి చూశాం. వైట్ స్పష్టంగా కిందికి ఉంది. ప్రతి షాట్‌లోనూ దెబ్బ తినేది అదే కాబట్టి ముందు అరిగేదీ అదే. పూల్ బంతి 57.15 మిల్లీమీటర్లు ఉండాలి, బరువు 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉండాలి. వైట్ తేలికైపోతే, తాకిన చోటే ఆగాల్సిన స్టాప్ షాట్ కొట్టినా అది నిలబడదు, వెనక్కి జారుతుంది. దానికి తోడు బంతులు జిడ్డుగా ఉన్నాయి. జిడ్డు బంతులు తగిలిన క్షణంలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పక్కగా తాకించే కట్ షాట్‌లో రంగు బంతి గీత తప్పి, అనుకున్నంత పక్కకు తిరగకుండా నిండుగా పోతుంది. ఆ రోజు నాకు తప్పిన షాట్లలో సగం దానివల్లే పోయాయని నా నమ్మకం. వేరే సెట్ ఉందా అని అడిగితే లేదన్నారు. పనిచేసే కుర్రాడు మాత్రం చాలా మర్యాదస్తుడు, పిలవకముందే వచ్చేవాడు. నలుగురు స్నేహితులు సాయంత్రం సరదాగా ఆడుకోవడానికి ఆ హాలు బాగుంటుంది. సాధన కోసమైతే అక్కడ ఒక్క రోజు చాలు, మేం మూడు రోజులు ఉన్నాం.

రెండో ఊరు సముద్రం పక్కన. బస కిటికీ తెరిస్తే ఉప్పు గాలి, మంచం మీద దుప్పటి కూడా చల్లగా చెమ్మగా ఉండేది. హాల్లో క్లాత్ కొత్తదే, నూగు లేని నున్నటి రకం. అయినా బంతి బరువుగా దొర్లింది. తేమ పట్టిన క్లాత్ బంతిని పట్టుకుంటుంది, అందుకే కుషన్ తాకి తిరిగొచ్చేటప్పుడు కోణం ఇరుకైపోయింది. వైట్ ముందు మూడు కుషన్లను తాకి బంతి దగ్గరికి వెళ్లే కిక్ షాట్ ప్రతిసారీ నాలుగు వేళ్ల తేడాతో ఇవతలే ఆగిపోయేది. ఏసీ ఆటగాళ్లు వచ్చాకే వేస్తారట. రాత్రంతా పీల్చుకున్న తేమ గంటలో ఎక్కడికి పోతుంది? మధ్యాహ్నం దాటాక వెళ్తే టేబుల్ కాస్త తేరుకుని ఉండేది, అది రెండో రోజుకు తెలిసింది.

అక్కడే నాకు ఒక దెబ్బ తగిలింది. టాక్సీని ఎండలో ఆపి రెండు గంటలు ఊరు చూసి వచ్చాం, కేస్ వెనక డిక్కీలో ఉండిపోయింది. సాయంత్రం మొదటి ఫ్రేమ్‌లో గట్టిగా కొట్టిన షాట్‌కే టిప్ ఊడి క్లాత్ మీద పడింది. వేడికి జిగురు మెత్తబడిపోయింది. తప్పు పూర్తిగా నాదే. క్లాత్ చిరగనందుకు ఊపిరి పీల్చుకున్నాను.

ఆ హాలు మార్కర్ (టేబుళ్లు చూసుకునే పనివాడు) నా మొహం చూసి, "ఇటివ్వండి అన్నా, ముప్పావు గంట పడుతుంది" అన్నాడు. అతని పని చూడ్డానికి ఆట ఆపేశాను. ఫెర్రూల్ (టిప్ అతికే చిన్న గొట్టం) మీద పాత జిగురంతా గీకేసి, ముఖం సమతలంగా వచ్చేదాకా రుద్దాడు. పొరల తోలు టిప్ అడుగు భాగాన్ని కూడా అలాగే గరుకు చేశాడు. రెండు చుక్కల జిగురు పెట్టి, సరిగ్గా నడిమికి తెచ్చి, బిగించి వదిలేశాడు. ఆరాక బయటికొచ్చిన అంచును పదునైన బ్లేడుతో, టిప్‌ను కింద బల్లకు ఆనించి, ఒక్కో పొర తీశాడు. చివరికి పక్కల్ని తడిపి తోలుతో మెరిసేదాకా రుద్దాడు, అలా చేయకపోతే టిప్ వారంలో పుట్టగొడుగులా విప్పారుతుంది. ఎక్కడా ఫెర్రూల్ మీద గీత పడలేదు. టేబుల్‌కు సగం మార్కులే ఇస్తాను గానీ, ఆ మనిషి చేతి పనికి మాత్రం పూర్తి మార్కులు. బస విషయానికొస్తే, చెక్క స్టిక్ ఉన్నవాళ్లు కిటికీ దగ్గర గోడకు నిలబెట్టకండి. కేస్‌లో పెట్టి అలమరలో పడుకోబెట్టండి.

మూడో ఊరి గురించి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను. పొడి వాతావరణం, చిన్న హాలు, నాలుగే టేబుళ్లు. గోడకు సున్నం పెచ్చులూడింది, కుర్చీలు పాతవి. మొదటి హాలుతో పోలిస్తే ఎవరూ దీని వైపు చూడరు. కానీ వెళ్లిన రోజే వైట్ బాల్‌ను నెమ్మదిగా నిలువునా దొర్లించి చూశాం, చివరి అంగుళం దాకా గీత తప్పలేదు. అడ్డంగా దొర్లించినా అంతే. గట్టిగా కొడితే బంతి టేబుల్ నిడివిని నాలుగుసార్లు దాటి వెళ్లింది, మధ్యలో ఎక్కడా ఎగరలేదు.

ఆ టేబుళ్లను చూసుకునేది అరవై దాటిన ఒక పెద్దాయన. టేబుళ్లు బిగించే పనిలోనే జీవితమంతా గడిచిందట. "మాస్టారూ, మీ పని చూడొచ్చా?" అని అడిగితే పొద్దున్నే, హాలు తెరవకముందు రమ్మన్నారు. మూడు రోజులూ వెళ్లాం. ముందు మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్‌తో క్లాత్ మీద, కుషన్ల కింద చాక్ (టిప్ జారకుండా రాసుకునేది) పొడి లాగేస్తారు. తర్వాత పిండేసిన గుడ్డతో ఒకే దిక్కుగా తుడుస్తారు. గుండ్రంగా రుద్దితే పొడి క్లాత్ లోపలికి దిగుతుందట. బంతుల్ని గోరువెచ్చని నీళ్లలో, తేలికైన సబ్బుతో కడిగి ఒక్కొక్కటీ ఆరబెడతారు. చాక్ అంటాం గానీ అది సుద్ద కాదు, సిలికాలో గట్టి రాపిడి పొడి కలిపి చేస్తారు. 1897లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నది అలాంటి మిశ్రమానికే. ఆ పొడి క్లాత్‌లో ఉండిపోతే ప్రతి బంతీ దాని మీద దొర్లుతూ పోగుల్ని కోస్తుంది. అందుకే చాక్‌ను బోర్లా పెడితే ఆయన ఊరుకోరు, మాట్లాడకుండా వచ్చి తిప్పి పెట్టి వెళ్తారు.

క్లాత్ కింద ఉండే పలకల సంగతీ ఆయనే చూపించారు. అంగుళం మందం స్లేట్ రాళ్లు మూడు, పక్కపక్కన. అతుకుల్లో తేనెమైనం నింపి గీకేస్తారు. ఒక పలక వెంట్రుక వాసి కిందికి దిగినా బంతి అక్కడ చిన్నగా గెంతుతుంది, మనం ఆ తప్పును మన స్ట్రోక్ మీద వేసుకుంటాం. కుషన్ ముక్కు ఎత్తు బంతి వ్యాసంలో 63.5 శాతం ఉండాలి, అంటే దాదాపు 36 మిల్లీమీటర్లు. అంతకంటే దిగితే బంతి ఎగురుతుంది, పెరిగితే బంతిని క్లాత్‌కేసి నొక్కి వేగం చంపేస్తుంది. కొలబద్ద పెట్టి నా చేతే కొలిపించారు. రాక్ చేసేటప్పుడు, అంటే ఆటకు ముందు బంతుల్ని గుంపుగా పేర్చేటప్పుడు, వాటి నెత్తిన కొట్టి గుంటలు చేయకూడదు, చేతికి పౌడర్ బదులు గ్లవ్ వాడాలి. ఆ హాల్లో నియమాలివే, ఎంత గొప్ప ఆటగాడికైనా.

మూల పాకెట్లు కచ్చితంగా నాలుగున్నర అంగుళాలు. మొదటి రోజు ఇద్దరం ఘోరంగా తడబడ్డాం. మూడో రోజుకు నాకు తెలిసిందేమిటంటే, నేను ఇన్నేళ్లూ పొడవు కట్ షాట్లు నిండుగా కొడుతున్నాను, మా టేబుల్ వాలు ఆ తప్పును కప్పేస్తోంది. ఆ ఒక్క విషయం కోసం తొమ్మిది రోజులూ ఖర్చు పెట్టినా నాకు బాధ లేదు.

అదే ఊళ్లో స్నూకర్ క్లబ్‌లో ఒక సాయంత్రం ఆడాం. పన్నెండడుగుల టేబుల్, 52.5 మిల్లీమీటర్ల బంతులు, పది మిల్లీమీటర్ల లోపు టిప్‌లు. మా స్టిక్‌లు పక్కన పెట్టి, అక్కడి యాష్ చెక్క స్టిక్‌లను టేబుల్ మీద దొర్లించి, మొన వణకనివి ఏరుకున్నాం. ఆ క్లాత్‌కు నూగు ఉంటుంది కాబట్టి బాక్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్ల బంతి ఉండే చివరికే బ్రష్ చేసి, అదే దిక్కుగా ఇస్త్రీ చేస్తారు. శుభ్రంగా ఉంది, సేవ బాగుంది. అంతకంటే చెప్పేంత సేపు మేం ఆడలేదు.

ఆ ఊళ్లో బస హాలుకు పది నిమిషాల నడక. గది చిన్నదైనా పొడిగా ఉంది, స్టిక్ పెట్టుకోవడానికి తాళం వేసే అలమర ఉంది. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా హాలు దాదాపు ఖాళీ, సాధనకు అదే సమయం. సాయంత్రం ఆరు దాటితే టేబుల్ దొరకడం కష్టం.

బయల్దేరేముందు మాస్టారు గారు ఒక మాట చెప్పారు. వచ్చే నెల నాలుగు టేబుళ్లకూ కొత్త క్లాత్ వేస్తున్నారట. వేసిన వెంటనే రావద్దని, కొత్త క్లాత్ మీద బంతి దొర్లడం కంటే జారడం ఎక్కువని, రెండు వారాలు ఆడనిచ్చి రమ్మని అన్నారు. రైల్లో కూర్చోగానే మిత్రుడు క్యాలెండర్ తీశాడు. ఈసారి ఒక్క ఊరే, ఒక్క హాలే, ఆరు రోజులు.