బాబు సేఫ్టీకి రెండు పేజీలు, ఆయమ్మ సేఫ్టీకి ఒక్క లైన్ లేదు

హైదరాబాద్‌లో కొండాపూర్ సైడ్ ఉన్న ఒక ఏజెన్సీ నుంచి మా బాబుకి ఆయమ్మని పెట్టుకున్నాం. పేరు రాయట్లేదు, మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అడిగితే మిగతా ఏజెన్సీలదీ ఇదే వరస అన్నారు. మనిషి మాత్రం బంగారం, బాబు ఆమె పెడితే తప్ప పెరుగన్నం ముట్టడు. ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ పక్కాగా చేశారు, ఆమె సెలవు పెడితే ఇంకొకర్ని పంపుతారు. అందుకే రెండు స్టార్లు.

మిగతా మూడు ఎందుకు కట్ చేశానంటే, అగ్రిమెంట్లో బాబు సేఫ్టీ గురించి రెండు పేజీలుంది, చీకటి పడ్డాక ఆమె ఇంటికెలా పోతుందో మాత్రం ఎక్కడా లేదు. టైమ్ దాటితే గంటకింత ఎక్స్‌ట్రా అని ఉంది, అంతే. కోఆర్డినేటర్‌ని అడిగితే "అది వాళ్లే చూస్కుంటరు మేడమ్, అలవాటే" అన్నాడు. ఏం అలవాటు బాబూ, భయపడటమా?

మా ఆఫీసులో లేటయితే నాకు క్యాబ్ పెడతారు, ముందు సీట్లో గార్డు, ఇంటికి చేరానా లేదా అని ఫోన్ కూడా. నా మీటింగ్ సాగితేనే కదా ఆమె ఆగేది, మరి నాకు గార్డు, ఆమెకి సర్వీస్ గేటు! ఆ గేటు కూడా వెనక సందులోకి, పక్కనే వైన్స్, తొమ్మిదింటికి బండ్ల మీద కూర్చుని తాగేవాళ్ల మధ్యలోంచి నడవాలి. గ్రూప్‌లో ఒకావిడ "ఆడవాళ్లకి బస్సు ఫ్రీయే కదా" అంది. 2023 డిసెంబర్ నుంచి ఫ్రీయే ఆంటీ, కానీ బస్సు ఆ సందులోకి రాదు కదా, బోరబండలో దిగాక మళ్లీ ఇంటిదాకా నడకే.

ఇప్పుడు ఏడున్నర దాటితే నా ఫోన్లోనే క్యాబ్ బుక్ చేస్తున్నా, మెయిన్ గేటు దగ్గరే ఎక్కుతుంది (దానికి అసోసియేషన్‌తో పెద్ద గొడవైంది, అది వేరే కథ), ఓటీపీ ఆమె అరచేతి మీద పెన్నుతో రాసి పంపిస్తా, డబ్బులు జీతంలో పట్టుకోం. ఆమెది బటన్ ఫోను, లొకేషన్లు గికేషన్లు కుదరవు, అందుకే పోలీసుల టీ-సేఫ్ నేర్పించా, 2024లో వచ్చింది, 100 కొట్టి 8 నొక్కితే ప్రయాణం అయ్యేదాకా వాళ్లు ఓ కన్నేసి ఉంచుతారు, స్మార్ట్‌ఫోనే ఉండాలని లేదు. ఇల్లు చేరగానే "తాళం తీస్తున్ననమ్మా" అని ఫోన్ చేస్తది, అప్పటిదాకా నేను పడుకోను.

ఇంకోటి, 2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం మన ఇల్లు కూడా పని చోటే, ఇంటిపని చేసేవాళ్లు జిల్లా స్థాయి కమిటీకి కంప్లయింట్ ఇవ్వొచ్చు. ఏజెన్సీ ట్రైనింగ్‌లో డైపర్ మార్చడం చెప్పారంట, ఇది చెప్పలేదంట.

వచ్చే నెల రెన్యువల్. రాత్రి డ్రాప్ ఎవరి బాధ్యతో, క్యాబ్ ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్లో రాస్తేనే డబ్బులు కడతానని మెసేజ్ పెట్టా. బ్లూ టిక్ వచ్చింది, రిప్లై రాలేదు.