రైస్ మిల్లు రొదలో డిజిటల్ వాకీటాకీ: తవుడు పట్టేదాకా అద్భుతం

డిజిటల్ వాకీటాకీల్లో బ్యాటరీ, రేంజి, ఛానళ్ల సంగతి షాపువాళ్లే చెబుతారు. నేను రాయాలనుకున్నది ఒక్క నాయిస్ సప్రెషన్ గురించే. అంటే మాట్లాడే మనిషి చుట్టూ ఉన్న రొదను సెట్టే తీసేసి గొంతును మాత్రం పంపడం. మాది మిర్యాలగూడ వైపు ఉప్పుడు బియ్యం మిల్లు, నేను షిఫ్టులు చూసుకునే సూపర్‌వైజర్‌ని. వానాకాలం ధాన్యం, యాసంగి ధాన్యం రెండూ ఈ సెట్లతోనే ఆడించాం. కాబట్టి ఇది కొన్న వారానికే రాస్తున్న మాట కాదు.

పాలిషర్లు, బ్లోయర్లు, ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్లు అన్నీ తిరుగుతుంటే మా మిల్లు లోపల పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి వెళ్లి అరవాల్సిందే. పాత అనలాగ్ సెట్లలో ఎవరైనా బటన్ నొక్కితే ముందు బ్లోయర్ హోరు వచ్చేది, దాని వెనక ఎక్కడో మనిషి గొంతు. డ్రైయర్ దగ్గరి అబ్బాయి తేమ పద్నాలుగు అన్నాడా, పదహారు అన్నాడా అని ప్రతిసారీ తిరిగి అడిగేవాళ్లం. ఈ సెట్లు వచ్చాక అదే అబ్బాయి పాలిషర్ల మధ్య నిలబడి మామూలు గొంతుతో చెప్పిన అంకె, గేటు దగ్గర కాటా పక్కనున్న నాకు స్పష్టంగా వినబడింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మావాళ్లలో బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. తెలుగూ హిందీ కలిసిన మాటలు సగం వినబడితే సగం ఊహించుకోవాలి. ఆ ఊహించుకునే పని తప్పింది. షిఫ్టు అయ్యేసరికి ఎవరి గొంతూ బొంగురుపోవడం లేదు.

డిజిటల్‌లో ఈ ఫీచర్ ఎందుకంత ముఖ్యమో నాకు తర్వాత తెలిసింది. మనం వాడే డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) రకం సెట్లలో ఎక్కువవాటిలో గొంతును సెకనుకు 2,450 బిట్లలోకి కుదిస్తారు. మామూలు డిజిటల్ టెలిఫోన్ లైనులో అది 64,000. ఇంత తక్కువలో ఇమడాలంటే సెట్టు శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపదు. మనిషి గొంతు ఎలా పుడుతుందో ఆ లెక్కలోకి మార్చి పంపుతుంది. మైకులోకి బ్లోయర్ మోత వెళితే దాన్నీ గొంతే అనుకుని ఆ లెక్కలోనే ఇరికించబోతుంది. అవతల వినబడేది మాటా కాదు, మోతా కాదు, ఏదో గరగర. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందికి ఇదే ఇబ్బంది వచ్చింది. అలారాలు, రంపాల మోత మధ్య డిజిటల్ సెట్లలో మాట అర్థం కావడం లేదని వాళ్లు చెబితే, అక్కడి ప్రభుత్వ టెలికాం సంస్థ పరీక్షలు చేసి 2008లో నివేదిక ఇచ్చింది. పెద్ద రొదలున్న కొన్ని పరిస్థితుల్లో పాత అనలాగే మెరుగని తేలింది. అంటే డిజిటల్‌లో రొదను గొంతు కుదించకముందే, మైకు దగ్గరే తీసేయాలి. కుదించాక వినేవైపు ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా లాభం లేదు.

మా సెట్లకు భుజానికి తగిలించుకునే మైకులు ఉన్నాయి. ఒక్కోదానికి రెండు రంధ్రాలు, ముందొకటి, వెనకొకటి. నోటికి దగ్గరగా ఉన్న ముందు మైకులో గొంతు గట్టిగా పడుతుంది, వెనక మైకులో సన్నగా పడుతుంది. మిల్లు రొద మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకేలా పడుతుంది. రెండింటిలో సమానంగా ఉన్నది రొద, ముందువైపు ఎక్కువగా ఉన్నది గొంతు అని సెట్టు తేల్చుకుంటుంది.

మాకు దెబ్బ తగిలింది సరిగ్గా ఇక్కడే. కొన్ని నెలలయ్యాక ఎలివేటర్ గుంత దగ్గర, పాలిషర్ల దగ్గర వాడే సెట్లలో గొంతు తగ్గుతూ వచ్చింది. మాట మధ్యలో ముక్కలు పోయేవి. డీలర్‌కి చెబితే టెక్నీషియన్ వచ్చి ఆఫీసు గదిలో మాట్లాడి చూసి, కొంచెం తగ్గింది అంతేనని మైకు గెయిన్, అంటే గొంతును పెద్దది చేసే మోతాదు, పెంచి వెళ్లాడు. ఇబ్బంది తీరలేదు. హైదరాబాద్ పంపితే, అంతా బాగానే ఉందని బ్యాటరీ మార్చి తిప్పి పంపారు.

ఒక రాత్రి షిఫ్టులో ఎలివేటర్ బెల్టు జారుతోందని కింద గుంత దగ్గరి మనిషి చూశాడు. లైను ఆపమని సెట్టులో మళ్లీ మళ్లీ చెప్పాడు. పైన ప్యానెల్ దగ్గరి ఆపరేటర్‌కి బటన్ నొక్కిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, అంతే. రొద కూడా వినబడకపోవడంతో ఎవరో పొరపాటున బటన్ నొక్కారనుకున్నాడు. పాత సెట్టయితే కనీసం హోరులో అరుపు వినబడేది, ఏదో జరిగిందని అర్థమయ్యేది. ఆ మనిషి మెట్లెక్కి పరిగెత్తుకొచ్చేసరికి ఎలివేటర్ నిండా ధాన్యం బిగుసుకుపోయింది, బెల్టు కాలిన వాసన. ఎవరికీ ఏమీ కాలేదు. గుంత తోడి మళ్లీ లైను నడిపించేసరికి తెల్లారింది. ఆ నిశ్శబ్దం తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అసలు సంగతి కనిపెట్టింది మా మిల్లు ఎలక్ట్రీషియన్. పక్కనున్న బటన్‌తో నాయిస్ సప్రెషన్ ఆపేసి, అదే గుంత దగ్గర, అదే సెట్టులో మాట్లాడాడు. హోరుతో పాటే గొంతూ వినబడింది. అంటే గొంతును మింగేస్తున్నది ఆ ఫీచరే. ఫోన్ టార్చి వేసి ముందు రంధ్రంలోకి చూస్తే జాలీ మీద గోధుమరంగు పొర గట్టిగా పట్టేసి ఉంది. తవుడు. అందులో నూనె ఉంటుంది కదా, ఆవిరి చెమ్మ కూడా తోడై జిగురులా అతుక్కుంది. ఒంటికి ఆనుకుని ఉండే వెనక రంధ్రం మాత్రం శుభ్రంగా ఉంది. ముందు మైకు మూసుకుపోతే గొంతు రెండింటిలోనూ సమానంగా పడుతుంది, సెట్టు దాన్నీ రొదే అనుకుని తీసేస్తుంది. రొద లేని గదిలో తీసేయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి డీలర్ పరీక్షలో ఎప్పుడూ దొరకలేదు. రొద కోసం కొన్న సెట్టును రొదలో ఒక్కసారైనా పరీక్షించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

పెట్టె మీద ఐపీ67 అని, దుమ్మునీ నీటినీ సెట్టు ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు ఉంది. అందులో 6 అంటే దుమ్ము లోపలికి దూరదని. నిజమే, లోపలికి ఒక్క రేణువూ పోలేదు. రంధ్రం మూతి మీద పేరుకోదని మాత్రం ఆ అంకె చెప్పదు. మాన్యువల్‌లోనూ ఈ ఊసు లేదు.

ఇప్పుడు ప్రతి షిఫ్టు మార్పులో మెత్తటి పొడి బ్రష్‌తో రెండు రంధ్రాలూ తుడుస్తున్నాం. జిగురు పట్టిన జాలీలు మార్పించాం. కంప్రెసర్ గాలి కొట్టవద్దని అందరికీ చెప్పాను. జాలీ వెనక పల్చటి పొర ఉంటుంది, ఆ ఒత్తిడికి చిరిగిపోవచ్చు. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకి పెట్టి మాట్లాడమంటున్నాం. బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం పోతోంది, అందుకే ఒక క్షణం ఆగమంటున్నాం. ఇలా చేశాక మొదటి రోజుల స్పష్టత చాలావరకు తిరిగొచ్చింది.

చాలావరకు అంటున్నానంటే కారణముంది. కాటా దగ్గర, ఆఫీసులో ఈ ఫీచర్ ఆన్‌లో ఉంటే గొంతు పీలగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. అక్కడ ఆపేశాం. ఇనుప సైలోల వెనక సిగ్నల్ తగ్గితే మాట పూర్తిగా తెగిపోతుంది. అనలాగ్ అయితే గరగరలాడుతూనైనా వచ్చేది. పైగా ఇది మాట్లాడేవాడి రొదను తీస్తుంది కానీ వినేవాడి చుట్టూ ఉన్న రొదను తీయలేదు. దానికి ఇయర్‌పీస్ ఉండాలి. చెవులు పూర్తిగా మూసే హెడ్‌సెట్ నయమే కానీ, బాయిలర్ వైపు ఎండాకాలంలో దాన్ని ఎవరూ గంటసేపు ఉంచుకోలేకపోతున్నారు.

మాలా దుమ్మూ రొదా రెండూ ఉన్న చోట, రోజూ తుడిచే మనిషి ఉంటే, ఈ సెట్లు కొనమనే చెబుతాను. ఫంక్షన్ హాలుకో హోటల్‌కో అయితే ఇంత ఖర్చు నాకు అవసరం అనిపించదు. సిమెంటు, స్పిన్నింగ్ మిల్లుల దుమ్ము వేరు, అక్కడివాళ్లు ఎవరైనా వాడి ఉంటే చెప్పాలి. మేం వచ్చే సీజన్‌కి పాలిషర్ల వైపు మరో రెండు తీసుకుంటున్నాం, డెమో మిల్లు నడుస్తుండగా లోపలే ఇవ్వాలన్న షరతు మీద. ఎలివేటర్ గుంత దగ్గర మాత్రం సెట్టుతో పాటు లైను ఆపే ఎర్ర స్విచ్ కూడా పెట్టించాం.