కడ్డీల స్టీమర్: ఏ నీళ్లు పోస్తున్నారో చూసుకోండి

ముఖానికి ఆవిరి పట్టడానికి మందుల షాపుల్లో దొరికే చవక ప్లాస్టిక్ స్టీమర్లలో రెండు కడ్డీలు నీళ్లలో మునిగి ఉండే రకం ఇది. కొన్ని చలికాలాలుగా వాడుకలో ఉంది. దీని మంచీచెడ్డా అంతా పోసే నీళ్లలోనే ఉంది.

‘ఆవిరి రావట్లేదు’ అని షాపుకి తిరిగి తెచ్చేవాటిలో కొన్ని అసలు పాడైనవే కావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఇళ్లలో తాగడానికి ఆర్‌వో (నీళ్లను వడగట్టి శుద్ధి చేసే) ప్లాంటు నీళ్ల క్యాను ఉంటుంది కదా, ముఖానికి పట్టేదని ఆ నీళ్లే పోస్తారు. ఎంతసేపున్నా బుడగ లేవదు. ఎందుకంటే ఇందులో కడ్డీ వేడెక్కదు. కరెంటు ఒక కడ్డీ నుంచి రెండో దానికి నీళ్లగుండా వెళ్తుంది, ఆ నీళ్లే కాగుతాయి. ఆర్‌వోలో లవణాలు పోయాక కరెంటు సరిగా పారదు. ప్లగ్గు తీసి, మూత విప్పి, రెండు వేళ్లకు వచ్చినంత ఉప్పు కలపండి. కాసేపటికీ రాకపోతే మళ్లీ ప్లగ్గు తీసి ఇంకో రవ్వ. చెంచాతో మాత్రం వద్దు. ఎక్కువైతే ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోతుంది, లేదా మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. సాయంత్రం ఓల్టేజీ పడిపోయే ఊళ్లలో ఆవిరి మందగించిందని ఉప్పు పెంచినా ఇంతే, ఓల్టేజీ తిరిగి రాగానే పొంగిపోతుంది.

ఉప్పదనం ఉన్న బోరు నీళ్లయితే ఏమీ కలపక్కర్లేదు. కాకపోతే కడ్డీలకు తెల్లటి పెచ్చు కడుతుంది. వెనిగర్, నీళ్లు సమంగా పోసి అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో తోమాలి.

బాగా నచ్చింది ఒకటుంది. నీళ్లు అయిపోతే కరెంటుకి దారి తెగి దానంతటదే ఆగిపోతుంది, మాడదు. అలాగని ఆగింది కదా అని స్విచ్చు ఉండగా మూత తీయొద్దు. కడ్డీల్లో కరెంటు అలాగే ఉంటుంది. బామ్, వావిలాకు లోపల వేస్తే జిడ్డు పట్టి గొట్టం పూడుతుంది. వావిలాకు ఆవిరికి పొయ్యి మీది గిన్నే నయం.

రొంప రాకుండా రోజూ పట్టడం మాత్రం దండగ. ఆవిరి ముక్కుదిబ్బడను కాసేపు సడలిస్తుందేమో గాని వైరస్‌ని ఆపదు. ఫ్లూకి ఏటా టీకా ఉంది. వేయించుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, సంక్రాంతికి వలస వెళ్లినోళ్లంతా కిక్కిరిసిన రైళ్లలో ఊళ్లకు దిగకముందే వేయించుకోవాలి. జలుబుకి టీకా లేదు. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవడం, దగ్గేవాళ్లకి ఎడంగా ఉండటం, అంతే.

పెద్దవాళ్లే ఉండే ఇంటికైతే కొనొచ్చు. పాకే పిల్లలున్న ఇంట్లో తీగ లాగితే మరిగే నీళ్లు మీద పడతాయి, వద్దనే అంటాను. ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరుని అడిగాకే.