అరిగిన క్రాస్, చినిగిన బూట్: బండిని ఫెయిల్ చేయడం మేలా, రాసిచ్చి వదిలేయడం మేలా?

ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వస్తూనే ఉంది. బొలెరో, టాటా ఏస్ నడుపుకునేవాళ్లు "బండి బాగానే లాగుతోంది, క్రాస్‌లో కాస్త ప్లే ఉందని ఎఫ్‌సీ ఆపేయడం న్యాయమా?" అంటారు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లేమో "ఎంఓటీ పాసైంది కానీ కాగితం మీద సీవీ బూట్ పాడైందని రాశారు, ఇప్పుడే మార్చాలా?" అని అడుగుతారు. క్రాస్ అంటే తిరిగే షాఫ్ట్‌ను కలిపే ప్లస్ ఆకారపు జాయింట్, ప్లే అంటే అందులో వచ్చిన సందు. సీవీ అంటే చక్రం మలుపు తిరిగినా లాగుడు అందించే జాయింట్, దాని మీది రబ్బరు తొడుగే బూట్. ఎఫ్‌సీ మన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎంఓటీ బ్రిటన్‌లో బండ్ల తనిఖీ. ఇంజిన్ లాగుడును చక్రానికి చేర్చే జాయింట్ అరిగితే దాన్ని భద్రతా లోపంగా చూడాలా, యజమాని వీలు చూసుకుని చేయించుకునే రిపేరుగా చూడాలా అన్నదే రెండింట్లోనూ ఉన్న సంగతి.

ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు షాకెన్ అనే తనిఖీ ఉంటుంది. అందులో డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) బూట్ చినిగి కనిపిస్తే, లోపలి జాయింట్ కొత్తదానిలా ఉన్నా సరే, బండి పాస్ కాదు.

ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో 2018 మే 20 నుంచి ఎంఓటీ లోపాలను మూడు మెట్లుగా విడదీశారు: చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి. బూట్ బాగా పాడైనా ఇంకా దుమ్మును ఆపుతుంటే చిన్న లోపం, బండి పాస్. బూట్ ఊడిపోయినా, చినిగి దుమ్ము లోపలికి పోతున్నా పెద్ద లోపం, ఫెయిల్. క్రాస్ జాయింట్ మితిమీరి అరిగితే పెద్ద లోపం, తెగిపోయే స్థితికి వస్తే ప్రమాదకరం. ఐరోపా యూనియన్ 2014/45 ఆదేశంలో ఉన్నదీ ఈ చట్రమే.

టెక్సాస్ మూడో దారి పట్టింది. 2025 జనవరి 1 నుంచి సొంత వాడకం బండ్లకు భద్రతా తనిఖీనే ఎత్తేసింది. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అక్కడున్నవాళ్లు బండి కిందికి తామే తొంగి చూసుకోవాలి, అంతకుమించి ఆ పద్ధతి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఏది మేలో తేల్చడానికి ఎంత అరిగిందన్న ప్రశ్న చాలదు. ఆ జాయింట్ తెగితే ఏమవుతుందన్నదే నా దృష్టిలో అసలు కొలబద్ద. ముందు చక్రాలు లాగే కారులో సీవీ జాయింట్ తెగిందనుకోండి. లాగుడును రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్ లోపల తెగిన వైపు ఖాళీగా తిరుగుతుంది, రెండో చక్రానికి కూడా లాగుడు అందదు. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. స్టీరింగ్ ఉంటుంది, బ్రేకులూ పడతాయి. ఊడిన షాఫ్ట్ కొట్టుకుని ఏబీఎస్ వైరునో బ్రేక్ హోస్‌నో దెబ్బతీసే అవకాశం లేకపోలేదు. అయినా ఎక్కువసార్లు జరిగేది రోడ్డు మధ్యలో ఆగిపోవడమే. లెవెల్ క్రాసింగ్ మీదో హైవే మధ్య లేన్‌లోనో ఆగితే అదీ చిన్న విషయం కాదు. కానీ అక్కడిదాకా రాకముందే ఆ జాయింట్ చాలాకాలం హెచ్చరిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు వచ్చే టక్‌టక్ శబ్దం అదే.

ఇక్కడ చాలామందికి తెలియని ముప్పు ఒకటుంది. షాఫ్ట్ తెగిన బండిని గేర్‌లో ఉంచినా, ఆటోమేటిక్‌లో పార్క్‌లో పెట్టినా ఆగదు. చక్రాన్ని గేర్‌బాక్స్‌తో కలిపే లంకె తెగిపోయింది కాబట్టి డిఫరెన్షియల్ గుండా రెండో చక్రం స్వేచ్ఛగా దొర్లుతుంది. ఘాట్ రోడ్డులో గేర్ వేసి దిగిపోయే అలవాటున్నవాళ్లు హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రానికి రాయి పెట్టాకే దిగాలి.

గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాల వైపు లాగుడు చేర్చే, రెండు కొనల్లో క్రాస్‌లుండే ప్రొపెల్లర్ షాఫ్ట్ సంగతి పూర్తిగా వేరు. బొలెరో, ఈకో, పాత ఇన్నోవా, టాటా ఏస్, లారీలు, బస్సులు: వీటిలో పొడుగాటి ఇనుప గొట్టం మనుషులు కూర్చునే నేల కిందే తిరుగుతుంది. హైవే వేగంలో నిమిషానికి వేల చుట్లు. వెనుక క్రాస్ తెగితే గొట్టం రోడ్డు మీద ఈడ్చుకుంటూ కొట్టుకుంటుంది. డీజిల్ పైపు, బ్రేక్ పైపు, ఫ్లోర్ రేకు అన్నీ దాని దారిలోనే ఉంటాయి. ముందు క్రాస్ తెగితే ఇంకా చెడ్డది. ముందు కొన కింద పడి రోడ్డు గుంటలో చిక్కుకుంటే, బండి వేగమే దాన్ని గునపంలా దించి వెనుక భాగాన్ని పైకి లేపుతుంది. అమెరికా కేంద్ర నిబంధనల్లో ప్రయాణికుల నేల కింద పోయే బస్సు షాఫ్ట్‌కు గార్డు ఉండాలని ప్రత్యేకంగా రాసింది ఇందుకే. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక చక్రాలకు లాగుడు పంచే పెట్టె) వెనుక షాఫ్ట్ మీద ఉంటుంది. ముందు, వెనుక షాఫ్ట్‌లను కలిపి బిగించే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ వేయకుండా నిలిపినప్పుడు వెనుక క్రాస్ తెగితే హ్యాండ్‌బ్రేక్ కూడా పోయినట్టే. అలాంటి బండిలో క్రాస్ అంటే బ్రేకులో భాగమే.

కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లో చేతికి తెలిసే ప్లే ఉంటే ఫెయిల్ చేయాల్సిందే. రాసిచ్చి పంపడం సరిపోదు.

తనిఖీ చేసేవాడు ఏమీ విప్పకుండా దేన్ని తేల్చగలడన్నది తర్వాతి ప్రశ్న. క్రాస్ విషయంలో ఇది సులువు. చక్రాలకు అడ్డు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, పిట్‌లోకి దిగి ఒక చేత్తో క్రాస్‌ను పట్టి ఉంచే ఫోర్క్ లాంటి యోక్‌ను, ఇంకో చేత్తో షాఫ్ట్‌ను పట్టుకుని ఎదురెదురుగా తిప్పాలి. తర్వాత కిందికీ పైకీ ఊపాలి. కళ్లు మాత్రం క్రాస్ కొనలకు తొడిగిన కప్పు మీదే ఉండాలి. కప్పుకూ క్రాస్‌కూ మధ్య కదలిక కనిపిస్తే అది అరుగుదల. కప్పు కదలకుండా షాఫ్ట్ మొత్తం కొద్దిగా తిరిగితే అది డిఫరెన్షియల్ పళ్ల సందు, దానికి క్రాస్‌ను తప్పుపట్టకూడదు. కప్పుల చుట్టూ తుప్పు రంగు పొడి రాలుతుంటే లోపలి నీడిల్స్ (సన్నని సూది బేరింగులు) గ్రీజు లేక ఎండి నలిగిపోతున్నట్టే. షాఫ్ట్ కొనను బిగించే ఫ్లాంజ్ బోల్టులు, షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు కూడా అప్పుడే చూడాలి. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో చక్రాల కింద పలకలను కదిలించే ప్లే డిటెక్టర్ స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లలో సందును పట్టుకుంటుంది. క్రాస్‌లో తిరుగుడు ప్లే దానికి అందదు, చెయ్యి పెట్టాల్సిందే.

సీవీ జాయింట్‌కు ఈ సౌలభ్యం లేదు. చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తే వచ్చే సందులో డిఫరెన్షియల్ వాటా ఎంతో, జాయింట్ వాటా ఎంతో విడదీయలేం. శబ్దం బయటపడాలంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోడు మీద నడపాలి. ఒకరికి వినిపించిన టక్‌టక్ ఇంకొకరికి వినిపించకపోవచ్చు. కొలవలేని దాని మీద ఫెయిల్ ముద్ర వేస్తే వాదనలు, బేరాలు మొదలవుతాయి. అందుకే సీవీ శబ్దాన్ని రాసిచ్చి వదలడమే మేలంటాను.

బూట్ దగ్గర మాత్రం జపాన్ వైపే మొగ్గుతాను. చినుగు కంటికి కనిపిస్తుంది, వాదనకు తావులేదు. స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి మడతల లోతుల్లో చూడాలి. క్లాంపు వదులై గ్రీజు చిమ్ముతున్నా చినిగినట్టే లెక్క. వానాకాలంలో బురద నీళ్లు లోపలికి చేరితే గ్రీజు ఇసుక ముద్దగా మారి, మంచి జాయింట్‌ను అరగదీస్తుంది. శబ్దం రాకముందే పట్టుకుంటే పని బూటు, కిట్‌లో వచ్చే గ్రీజు పాకెట్, రెండు క్లాంపులతో ముగుస్తుంది. ఆలస్యమైతే యాక్సిల్ మొత్తం కొనాలి. షాఫ్ట్ విప్పకుండా అతికించే చీలిక బూట్లు మాత్రం వద్దు. గ్రీజు అంటిన చోట జిగురు నిలవదు.

రాసిచ్చి వదిలే పద్ధతి ఫలించాలంటే తర్వాతి తనిఖీ దగ్గర్లో ఉండాలి. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ. పైగా నంబర్ కొడితే ఎవరైనా పాత ఫలితాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. కొనేవాడు అడుగుతాడని అమ్మేవాడు చేయిస్తాడు. మన దగ్గర సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఐదేళ్లపాటు గుర్తుండే సలహా ఉండదు. కాబట్టి ఆ రెన్యువల్ తనిఖీలో చినిగిన బూట్‌ను కూడా ఫెయిల్ చేయడమే సరి. రవాణా బండ్లకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీ ఉంది కనుక, ఎనిమిదేళ్లు దాటినవాటికి బ్రిటన్ పద్ధతిలో మెట్లు పెట్టినా నడుస్తుంది.

ఎఫ్‌సీకి ముందు క్రాస్ మార్పించేవాళ్లు షాఫ్ట్ విప్పే ముందే యోక్‌ల మీద, ఫ్లాంజ్ మీద గుర్తు గీయించండి. గుర్తు తప్పి బిగిస్తే రెండు యోక్‌లు ఒకే వరసలోకి రావు, కొత్త క్రాస్ వేసినా బండి వణుకుతుంది. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న క్రాస్‌కు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు సీళ్ల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే నాలుగో కప్పుకు గ్రీజు అందలేదన్నమాట. క్రాస్‌ను కాస్త అటూ ఇటూ ఊపి మళ్లీ కొట్టించండి. అప్పటికీ రాకపోతే ఆ కప్పు విప్పి దారి శుభ్రం చేయించాకే బండిని తనిఖీకి తీసుకెళ్లండి.